నిన్న పొద్దున ఏం తిన్నరు?

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బస్తీల్లో పెద్దవాళ్లను "ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అంటే జవాబు ఒక్కటే: "మంచిగనే ఉంది బిడ్డా." కోడలు పక్కనుంటే ఇంకా మంచిగుంటుంది. ఆ మాట రాసుకుని లేస్తే ఫారం నిండుతుంది, అంతే.

బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులతో పేద ముసలివాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవడం నా పని. దేశం మొత్తానికి లాసీ అనే పెద్ద సర్వే ఉంది. 2017-18లో మొదలుపెట్టి, 45 ఏళ్లు దాటినవాళ్లనూ వాళ్ల భార్యాభర్తలనూ కలిపి 72 వేల మందికి పైగా కలిశారు. బీపీ కొలిచారు, పిడికిలి బలం కూడా చూశారు. ఎందరికి ఏ జబ్బుందో అందులో దొరుకుతుంది. ఆ జబ్బుతో నిన్నటి రోజు ఎలా గడిచిందో మాత్రం గడప దగ్గర కూర్చుని అడగాల్సిందే.

ఎన్నింటికి లేచారు, ఏం తిన్నారు, గోలీ తిన్నాక వేసుకున్నారా, ముందా? ఆ తర్వాత గోలీల షీట్లు చూపించమంటాను. కథంతా అక్కడుంది. బస్తీ దవాఖానాలో మందులు ఊరికే ఇస్తారు, కానీ అక్కడిదాకా నడవాలిగా! ఎవరో ఒకరు తెచ్చిపెట్టేదాకా ఉన్నవే సర్దుతారు: రోజు విడిచి రోజు ఒకటి, లేదంటే సగానికి విరిచి. నెమ్మదిగా కరగడానికి చేసిన షుగర్ గోలీని విరిస్తే మందు ఒక్కసారే వదలొచ్చు. ఆ హెచ్చరిక షీటు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుగా ఉంటుంది, ఎవరు చదవాలి? 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక, ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లి మొగుడి మందులూ తెచ్చే అవ్వలు కనిపిస్తున్నారు.

మరొకటి గురువారం. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్లే రోజు, ఒక్కపొద్దు. అన్నం మానేసినా గోలీ మానరు కొందరు. మధ్యాహ్నానికి చెమటలు, కళ్లు తిరగడం. కొన్ని రకాల షుగర్ మందులతో ఖాళీ కడుపు ప్రమాదమే. ఇంకొందరు అన్నంతోపాటు గోలీనీ మానేస్తారు. నేను చూసిన ప్రశ్నపత్రాల్లో ఒక్కపొద్దుకు గడి లేదు.

కార్బిన్, స్ట్రాస్ అనే అమెరికా పరిశోధకులు 1985లోనే రాశారు, ఇంట్లో జబ్బును సంబాళించడం కూడా ఒక చాకిరీ అని. మా రంగంలో దాన్నే 'మందులు సరిగా వాడకపోవడం' అని కొట్టిపారేస్తాం. 2016 రూపాయల వృద్ధాప్య పింఛన్‌తో నెల గడిపే మనిషి లెక్కను అలా అనడం నాకు నచ్చదు.

ఇంటర్వ్యూ మధ్యలో సలహాలివ్వకూడదని మాకు నేర్పిస్తారు. విరవకూడని గోలీ విరిచి కనబడితే అక్కడే చెప్పేస్తాను, చెప్పానని నోట్సులో రాస్తాను. ఫలితం మారుతుందంటే మారనీ.