సున్నా దగ్గర మొదలయ్యే పాఠం

డిజైన్ ఎలా నేర్పాలి అన్న చర్చలో ఆనీ ఆల్బర్స్ పాఠమొకటి తరచూ ప్రస్తావనకొస్తుంది. 1933 నుంచి 1949 వరకు అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో నేత నేర్పిన ఆమె, విద్యార్థులను ఊహలో పెరూ సముద్రతీరానికి తీసుకెళ్లేది. అక్కడ దారం లేదు, మగ్గం లేదు. ఏం చేస్తారు? నార పేనడం నుంచి మగ్గం దాకా ఒక్కో అడుగూ వాళ్లే ఆలోచించుకుంటూ రావాలి. మొక్కజొన్న గింజలు, గడ్డి వంటివాటితో నేతను తలపించే నమూనాలు కూడా చేయించేది. పదార్థం చెప్పేది ముందు వినాలన్నది ఆమె బోధన.

ఈ పద్ధతి వెనక ఒక స్త్రీ అనుభవం ఉంది. జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్, స్త్రీపురుషులిద్దరికీ సమాన ప్రవేశమని ప్రకటించింది. ఆచరణలో స్త్రీలను ఎక్కువగా నేత విభాగానికే పంపింది. 1922లో చేరిన ఆనీ గాజుపని నేర్చుకోవాలనుకుంది, దొరికింది మగ్గం. ఆడవాళ్ల పనిగా తక్కువచేసి అప్పగించినదాన్ని ఆమె ఆలోచనకు సంబంధించిన విద్యగా నిలబెట్టింది. ఇది చిన్న విజయం కాదు.

అయినా ఆ సున్నా నిజంగా సున్నాయేనా? పెరూ తీరం ఖాళీగా లేదు. వేల ఏళ్లుగా అక్కడ నేత ఉంది. ఆనీకి ఈ సంగతి తెలుసు. 1965లో వచ్చిన ‘ఆన్ వీవింగ్’ను ప్రాచీన పెరూ నేతపనివారికి, తన గురువులంటూ అంకితమిచ్చింది. కానీ గురువుల పేర్లు మిగల్లేదు, శిష్యురాలి పేరు మిగిలింది.

ప్రాచీనుల పేర్లు ఇప్పుడు మనకు దొరకవు. మన మధ్య ఉన్నవారి మాటేమిటి? పోచంపల్లి ఇక్కత్ చీరకు ఆసు పోయడం ఇంటి ఆడవాళ్ల పని. ఒక్క చీరకే చేయి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పి చూడలేక, చిన్నతనంలోనే బడి మానేసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. ఆయన డిజైన్ సున్నా దగ్గర కాదు, ఒక స్త్రీ భుజం దగ్గర మొదలైంది.

ఆనీ పాఠాన్ని వదులుకోనక్కర్లేదు. దారం ఎలా పుడుతుందని అడిగిన చోటే, దాన్ని ఎవరు వడికారు, ఎవరు చుట్టారు, వాళ్లకేం దక్కింది అని కూడా అడగాలి. ఆ ప్రశ్న లేని డిజైన్ చదువు స్త్రీల శ్రమను మళ్లీ ముడిసరుకుగానే చూస్తుంది.