క్లెంజెకు పుస్తకాలు, రాళ్లు కొట్టినోళ్లకు అంకె

ఆస్థాన వాస్తుశిల్పుల చరిత్రలన్నీ ఒకే మూసలో ఉంటాయి. రాజు తలిచాడు, శిల్పి గీశాడు, భవనం లేచింది. లేపిన చేతులేవో చెప్పరు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా బెంగుళూరు భవనాల పనికి, గుంటూరు మిరప చేలకు వలసపోయే దళితుల పక్కన నిలబడి చదివితే ఈ మూసలోని అబద్ధం తెలుస్తుంది.

జర్మనీ వాస్తుశిల్పి లియో ఫాన్ క్లెంజె (1784–1864) సంగతే చూద్దాం. మొదట నెపోలియన్ తమ్ముడు జెరోమ్ కొలువు. 1816 నుంచి మ్యూనిక్‌లో, బవేరియా యువరాజు లుడ్విగ్ అండన. ఏలికలు మారినా కొలువు పోలేదు. 1838లో మ్యూనిక్ మ్యూజియంలు చూసి ముచ్చటపడ్డ రష్యా జారు మొదటి నికోలస్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తనకూ ఒకటి కావాలన్నాడు. 1852లో తెరిచిన న్యూ హెర్మిటేజ్ అదే.

దాన్ని క్లెంజె సృష్టి అంటారు. ఆయన గీత గొప్పది కాదని మా వాదన కాదు. కానీ ఆ ప్లానును అక్కడ మార్చి, కట్టించినవాళ్లు స్టాసోవ్, యెఫిమోవ్. వాకిట్లో కప్పు మోసే పది గ్రానైట్ మనుషుల్ని చెక్కించింది తెరెబెన్యోవ్. ఆయన కింద ఉలి పట్టినవాళ్లు సుమారు 150 మంది. క్లెంజెకు పుస్తకాలు, తెరెబెన్యోవ్‌కు ఒక వాక్యం, వాళ్లకు ఒక అంకె! అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత చరిత్ర రాతలోనూ ఉంది. రష్యా భూదాస్యమూ మన కులమూ ఒకటేననడం లేదు. అక్కడ దాన్ని 1861లో చట్టం రద్దుచేసింది. ఇక్కడ చట్టాలొచ్చినా కులం పోలేదు.

ఆ మ్యూజియం ప్రజలకట! మొదట్లో ఆస్థాన కచేరీ టికెట్టు, ఒంటిమీద యూనిఫారమో తోకకోటో ఉంటేనే లోపలికి రానిచ్చేవాళ్లు. పెద్దకులపోళ్ల ముందు భుజమ్మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాల్సొచ్చిన వాళ్లకు, గుడ్డకూ గడపకూ ఉన్న లంకె వేరే చెప్పాలా?

మన దగ్గరా అంతే. 17వ శతాబ్దపు ఆదోని జామియా మసీదు సిద్ది మసూద్ ఖాన్ పేరున ఉంది. ఆఫ్రికా మూలాలున్న ఆ పాలకుడి పేరు నిలవడం మంచిదే. మరి రాయి కొట్టినోళ్లు, సున్నం నూరినోళ్లు, నీళ్లు మోసినోళ్లు ఎవరు?

పాత పేర్లు మళ్లీ దొరక్కపోవచ్చు. ఇప్పటివి పోనివ్వకూడదు. టీచర్లనూ విద్యార్థులనూ మేము కోరేది ఒక్కటే. సుగ్గికి పోయి వచ్చినోళ్ల దగ్గర కూచోండి. ఏ ఊర్లో ఏ భవనం, ఏ ఏడు, కూలి ఎంత, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు, ఎవరు పడి చచ్చిపోయారు, అన్నీ అడిగి పేర్లతో రాయండి. వాస్తుశిల్ప చరిత్ర అంటే అదీ.