పండుగ పాఠంలో పిల్లలు ఎదగరా?

మన సాయంకాలపు తెలుగు తరగతుల వాచకాలలోను, ఇటువంటి పత్రికలలోను పండుగలను గూర్చి వచ్చే రచనలను కొంతకాలంగా వరుసగా చదువుతూ వచ్చాము. ఉగాది పాఠం కానీ, సంక్రాంతి పాఠం కానీ, ఏది తీసినా ఒకే బాలిక కనబడుతుంది. ఆమెకు ఎనిమిదేండ్లు. పట్టులంగా కట్టుకొని నాయనమ్మ పక్కన కూర్చుంటుంది. వేపపూవు ఎందుకింత చేదని అడుగుతుంది. నాయనమ్మ జవాబు చెప్పగానే పాఠం ముగుస్తుంది. మరుసటి ఏటి పాఠంలోనూ ఆమెకు ఎనిమిదేండ్లే. ఈ రచనలపై మా అభియోగం ఇదొక్కటే.

ఈ లోపం మాకు స్పష్టమైనది తరగతి గదిలో కాదు, సౌదీ అరేబియాలో. కుమారుని ఉద్యోగరీత్యా కొన్ని నెలలు రియాదులో ఉన్నప్పుడు శుక్రవారాలలో బతాకు వెళ్ళేవారము. బతా అనే అరబ్బీ మాటకు ఇసుక పరచుకొన్న వాగు అడుగు అని అర్థం. ఇప్పుడక్కడ వాగు లేదు, వీధులున్నాయి. సెలవునాడు ఆ వీధులలో పారేది మనుషులే. మలయాళీలు, బంగ్లాదేశీయులు, ఫిలిప్పీన్స్ వారు, వారి నడుమ కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల తెలుగువారు. ఒప్పందపు కూలీల సంతతికి చెందిన మాకు ఆ గుంపులో నడుస్తుంటే పరాయితనం తోచలేదు.

బతా పేరు అంతకుముందే ఒక నవలలో చదివి ఉన్నాము. బెన్యామిన్ 2008లో మలయాళంలో వ్రాసిన 'ఆడుజీవితం' అది. మలయాళంలో ఆడు అంటే మేక. పేరు చూచి స్త్రీల కథ అనుకొన్న తెలుగువారిని మేమెరుగుదుము! 2024లో ఇది చలనచిత్రంగా తెలుగులోకి కూడ వచ్చింది. మేము చదివినది మాత్రం 2012 నాటి ఆంగ్లానువాదం. బతాలోని చిన్న పోలీసు ఠాణా ఎదుట, తమను ఎవరైనా పట్టుకొంటే బాగుండునని ఇద్దరు మనుషులు నిలబడి ఉండగా కథ మొదలవుతుంది. ఆ ఇద్దరిలో ఒకడైన నజీబు గర్భవతి అయిన భార్యను విడిచి వచ్చి, ఎడారిలో మేకల నడుమ చిక్కుకొన్నవాడు.

ఇది పండుగల పుస్తకం కాదు. అయినా పండుగ రచనలకు కావలసిన పాఠం ఇందులో ఉన్నది. కొడుకు పుడితే నబీలు అని పేరు పెట్టాలని నజీబు అనుకొని ఉంటాడు. ఎడారిలో తన చేతుల మీదుగా పుట్టిన మేకపిల్లకు ఆ పేరు పెడతాడు. కన్నబిడ్డ ఎక్కడో ఎదుగుతూ ఉంటాడు, తండ్రి మనసులో మాత్రం ఎప్పటికీ అప్పుడే పుట్టినవాడు. దూరాన ఉన్న ప్రేమ బిడ్డను ఒకే వయసులో నిలిపివేస్తుందని బెన్యామిన్ కు తెలుసు. అందులోని దుఃఖమూ తెలుసు. మన వాచకాల రచయితలు బాలికను ఎనిమిదేండ్ల వద్ద నిలిపి, దానిని సంప్రదాయ పరిరక్షణ అంటున్నారు.

బతాలో ఒక తేనీటి దుకాణం ముందు సద్దుల బతుకమ్మనాడు చూచిన దృశ్యం చెప్పాలి. బహిరంగ పూజలకు తావులేని దేశమది. పండుగంతా ఫోను తెరలోనే. జగిత్యాల వైపు తండ్రి ఒకాయన, రెండేండ్లుగా ఇంటికి పోనివాడు, కూతురితో "బిడ్డా, తంగేడు పువ్వులు అమ్మకు అందియ్యి" అంటున్నాడు. ఆ పిల్ల నవ్వి, "బతుకమ్మ ఇప్పుడు నేనే పేరుస్తున్న బాపూ, అమ్మనే నాకు అందిస్తున్నది" అన్నది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత గునుగుకు ఏ రంగు వేసినావని అడిగాడు. ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. సలహా ఇచ్చే తండ్రి అడిగి తెలుసుకొనే తండ్రి అయినాడు. మా దృష్టిలో ఆ ఏడు ఆ ఇంట పండుగ నిలిచినది ఆ క్షణంలోనే.

మారిషస్ లో మన పెద్దలు ఈ సంగతి పుస్తకాలు లేకుండానే ఎరిగినవారు. 1834 తరువాత ఓడలలో వచ్చి, కోరంగి రేవు పేరున కోరంగివారని పిలువబడిన ఆ కూలీలు రామభజనను చేతనే నేర్పారు. చిన్నప్పుడు మేము చాపమీద నిద్రపోయినాము. కొంత ఎదిగాక తాళాలు చేతికిచ్చారు. ఆ తరువాత దీపం చుట్టూ ఆడేవారి వరుసలో నిలిపారు. చివరకు ఒకనాడు పాట ఎత్తుకోమన్నారు. గొంతు బొంగురుపోయింది, ఎవరూ నవ్వలేదు. మాటల అర్థం అప్పటికి మాకు సగం కూడ తెలియదు.

వాచకాల పక్షాన ఒక మాట ఒప్పుకోవలసిందే. భాష కొత్తగా నేర్చుకొనేవారికి చిన్న వాక్యాలు కావాలి. కాని చిన్న వాక్యం వేరు, చిన్నపిల్ల మనసు వేరు. నలభైయవ ఏట తెలుగు మొదలుపెట్టిన మాకూ ఆ పట్టులంగా బాలికనే ఇచ్చారు. ఉపాధ్యాయులమై మేమూ అదే తప్పు చేశాము. పదిహేనేండ్ల కుర్రవాని చేత మూడవ ఏడు కూడ అదే ఉగాది పాఠం చదివించాము. అతడు పుస్తకం మూసి, "ఈ అమ్మాయి ఇంకా పచ్చడి తినడమేనా, చేయదా?" అని అడిగాడు. అప్పుడు కసరుకొన్నాము. ఆ తరువాత అతడు తరగతికి రాలేదు.

ఈ ఏడు ఆ పాఠాన్ని పక్కన పెట్టి, పెద్దపిల్లలను పచ్చడి చేసే మనిషిగా వ్రాయమన్నాము. పదహారేండ్ల అమ్మాయి ఒకతె రెండు వాక్యాలు వ్రాసి ఆగి, "మన ఊళ్ళో వేపపూవు ఎవరి పెరట్లో దొరుకుతుంది?" అని అడిగింది. మాకు తెలియలేదు. తరగతి ముగిసినాక ఇద్దరమూ వీధి వెంట ఇంటింటా అడుగుతూ బయలుదేరినాము.