చెడిన చిత్రం: పాఠపరిష్కరణ దృష్టి

వ్యాససంగ్రహం:
తాళపత్రాల, పాత పత్రికల ఛాయాచిత్రాలే నేటి సాహిత్య పరిశోధకులకు ఆధారప్రతులు. అవి డేటాబేస్‌లో చేరేటప్పుడో, వెలికివచ్చేటప్పుడో చెడిపోతే ఆ దోషాన్ని గుర్తించడానికి పాఠపరిష్కరణ పద్ధతి ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ చాలదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, డేటాబేస్, గ్రంథపాతం, లేఖకదోషం, సంపీడనం.

1. ప్రవేశిక:
మాతృకకూ దాని నకలుకూ నడుమ లేఖకుడు ఉంటాడు. సి.పి. బ్రౌన్ (1798-1884) ఒక్కో గ్రంథానికి పలు ప్రతులు సేకరించి పండితులచేత పోల్చి చూపించడంలో లేఖకదోషాల పట్ల జాగ్రత్త కనిపిస్తుంది. ఛాయాచిత్రం వచ్చాక లేఖకుడు తప్పుకున్నాడని మనం భావిస్తున్నాం. యంత్రం చదివి ఇచ్చిన పాఠాన్ని అనుమానిస్తూనే, దాని పక్కనున్న చిత్రాన్ని ప్రమాణంగా స్వీకరిస్తున్నాం. ఈ విశ్వాసాన్ని పునఃపరిశీలించాలి. చిత్రం కూడా బైట్ల వరుసే. నిల్వచేసే ప్రోగ్రాము, డేటాబేస్, వెలికితీసే ప్రోగ్రాము, చూపే బ్రౌజరు అనే నలుగురు లేఖకుల చేతులు మారి అది మన ముందుకు వస్తుంది.

2. దోషం ఏ చేతిలో పుట్టింది?
చిత్రం తెరుచుకోనప్పుడు మూలఫైలే పాడైందని నిర్ణయించడం తొందరపాటు. మొదట చేయవలసింది మాతృకతో పోల్చడం. మూలఫైలు, డేటాబేస్‌లోని విలువ, వెలికితీసిన ఫైలు - ఈ మూడింటి పరిమాణాన్ని బైట్లలో సరిచూస్తే దోషస్థానం చాలావరకు తేలుతుంది.

పరిమాణం తగ్గితే అది గ్రంథపాతం. మైఎస్‌క్యూఎల్‌లో బ్లాబ్ రకపు గడిలో 65,535 బైట్లకు మించి పట్టవు. స్ట్రిక్ట్ మోడ్ అమలులో లేకపోతే మిగిలినది తెగిపోయి, హెచ్చరిక మాత్రమే వస్తుంది. ఇలా తెగిన సాధారణ జేపెగ్ చిత్రంలో పైభాగం స్పష్టంగా కనిపించి, కిందిభాగం బూడిదరంగుగా మిగలవచ్చు. గడిని 16,777,215 బైట్లు పట్టే మీడియంబ్లాబ్‌గా మార్చితే ఇకమీదట చేరే చిత్రాలు నిలుస్తాయి. ఇప్పటికే తెగినవాటిని మాత్రం మూలం నుంచి మళ్లీ ఎక్కించవలసిందే.

పరిమాణం పెరిగితే అక్షరసంకేతాల మార్పిడిని అనుమానించాలి. ఒక ప్రోగ్రాము చిత్రాన్ని పాఠంగా పొరబడి లాటిన్-1 నుంచి యూటీఎఫ్-8లోకి మార్చితే, 127కు పైబడిన ప్రతి బైటూ రెండవుతుంది. మార్పిడిని వెనక్కు నడిపితే ఈ దోషం తొలగుతుంది. కానీ యూటీఎఫ్-8కు ఒదగని బైట్లన్నిటి స్థానంలో ఒకే గుర్తు చేరితే, అసలు ఏ బైటు ఉండేదో తెలుసుకునే దారి లేదు. మొదటిది సవరించదగిన లేఖకదోషం. రెండవది చెరిపి రాసిన పాఠం.

డేటాబేస్‌లోని విలువ మూలంతో సరిపోయి, వెలికివచ్చిన ఫైలు మొదట్లో ఖాళీ అక్షరమో, పంక్తిమార్పో అదనంగా కనిపిస్తే అది ప్రక్షిప్తం. దానికి వెలికితీసే ప్రోగ్రామే బాధ్యురాలు. మూడింటిలో బైట్లన్నీ ఒకటే అయినా చిత్రం కనిపించకపోతే, బ్రౌజరుకు దాన్ని ఏ రకపు ఫైలుగా పంపుతున్నారో పరీక్షించాలి.

3. తనను తాను కాచుకునే ఫైలు:
పీఎన్‌జీ రూపకర్తలు ఇటువంటి దోషాలను ముందే ఊహించారు. ఆ ఫైలు 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైట్లతో మొదలవుతుంది. ఎనిమిదో బిట్టును తొలగించే మార్గంలో ప్రయాణిస్తే 137 నిలవదు. పంక్తిముగింపులను మార్చే ప్రోగ్రాము చేతిలో పడితే 13, 10 జంట చెదురుతుంది. లోపలి ప్రతి ఖండానికీ ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. యతిప్రాసలు తప్పినచోట పరిష్కర్త పద్యపాఠాన్ని శంకించినట్లే, ఇక్కడ లెక్క తప్పినచోట ఫైలును శంకించవచ్చు. జేపెగ్‌లో ఇటువంటి సరిచూపు సంఖ్య లేదు.

4. కనిపించని దోషం:
పై నలుగురికన్నా ముందున్న లేఖకుడు స్కానరు. కొన్ని జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలు స్కాన్ చేసిన పత్రాల్లో అంకెలను మార్చివేస్తున్నాయని 2013లో జర్మన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీసెల్ వెల్లడించారు. పోలిన ఆకారాలకు ఒకే అచ్చును వాడే జేబిగ్2 సంపీడనం వల్ల 6 ఉన్నచోట 8 వచ్చింది. ఇటువంటి ఫైలును డేటాబేస్ యథాతథంగా నిల్వచేస్తుంది, పరిమాణమూ సరిపోతుంది.

తెలుగు లిపికి ఈ ప్రమాదం చిన్నది కాదు. 'అర్థం', 'అర్ధం' అనే మాటలను వేరుచేసేది ఒత్తులోని చుక్క మాత్రమే. మసకబారిన అచ్చును ఇటువంటి సంపీడనానికి గురిచేస్తే, ఆ చుక్క లేకపోవడం ముద్రాపకుని లోపమో యంత్రం లోపమో చిత్రాన్ని చూసి చెప్పలేం. ప్రతులను పోల్చే పద్ధతి కూడా ఇక్కడ చాలదు. ఒకే స్కాన్ నుంచి పుట్టిన నకళ్లు ఎన్ని చోట్ల దొరికినా అవన్నీ కలిసి ఒక్క సాక్ష్యమే.

5. ముగింపు:
తెగిన చిత్రం తన లోపాన్ని తానే చెప్పుకుంటుంది. నిండుగా కనిపించే తప్పుచిత్రం ఉల్లేఖనగా మారి సిద్ధాంతవ్యాసాల్లోకి ప్రవేశిస్తుంది. కాబట్టి డిజిటల్ భాండాగారాలు నష్టరహితమైన మూలచిత్రాన్ని విడిగా భద్రపరచి, నిల్వకు ముందే దాని షా-256 విలువను నమోదుచేయాలి. పరిశోధకులు పుటసంఖ్యతోపాటు తాము చూసిన స్కాన్ వివరాన్నీ పేర్కొనాలి. వాదమంతా ఒక్క అక్షరం మీద నిలిచినచోట మాత్రం కాగితప్రతిని, తాళపత్రాన్ని స్వయంగా చూడటం తప్పనిసరి.