ఒకే నడుము, రెండు రాతలు

నడుము డిస్క్ అరుగుదలకు అమెరికా వాడే వ్యాధి కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో 2015 అక్టోబర్ 1 నుంచి తొమ్మిదేళ్ల పాటు ఎం51.36 అని ఒక్కటే కోడ్ ఉండేది. 2024 అక్టోబర్ 1న అది నాలుగైంది. డిస్క్ వల్ల వచ్చే నడుం నొప్పి మాత్రమే ఉంటే ఎం51.360, కాలు నొప్పి మాత్రమే ఉంటే 361, రెండూ ఉంటే 362, నొప్పి ప్రస్తావనే లేకపోతే 369. నడుము అడుగున ఎల్5-ఎస్1 దగ్గరి అరుగుదలకు వాడే ఎం51.37 కూడా ఇలాగే చీలింది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల చార్టులు కోడ్ చేసే మాలో చాలామంది దీన్ని గుర్తుపెట్టుకోవాల్సిన మరో అంకెగానే తీసుకున్నారు. నాకు మాత్రం పాత కోడ్, కొత్త కోడ్ ఒకే శరీరాన్ని చూసే రెండు చూపులు.

పాత కోడ్ స్కాన్‌ను నమ్ముకుంది. డిస్క్ నల్లబడింది, ఎత్తు తగ్గింది, రాసెయ్. కానీ 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో వచ్చిన సమీక్ష చూడండి: ఏ నొప్పీ లేనివాళ్లలోనే 20 ఏళ్ల వయసులో 37 శాతం మందికి, 80 ఏళ్లకు 96 శాతం మందికి డిస్కులు అరిగి కనిపించాయి. అంటే ఎం51.36 ఒక్కటే చదివితే మనిషి బాధపడుతున్నాడో, ఊరికే వయసు మీదపడిందో తెలియదు. కొత్త కోడ్ అడిగే మొదటి ప్రశ్నే నొప్పి ఎక్కడని. ఈ ఒక్క మార్పుకే నా ఓటు కొత్తదానికి.

దాని బలం తెలియాలంటే మా ముందుకు వచ్చే రెండు రకాల నోట్స్ పక్కపక్కన పెట్టాలి. మొదటిది: "ఎల్4-ఎల్5 డిస్క్ అరుగుదల. ఫిజియోథెరపీ కొనసాగించాలి." ఇంతే. ఆ పేషెంట్ కుర్చీలోంచి లేవలేక గోడ పట్టుకుని నిలబడి ఉండొచ్చు. మేం వేయగలిగింది 369. రెండోది: "ఎల్4-ఎల్5 డిస్క్ అరిగింది. అరగంట కూర్చుంటే నడుం మధ్యలో నొప్పి, డిస్క్ నుంచే. కాళ్లలోకి పాకడం లేదు, తిమ్మిరి లేదు." ఇది 360. ఈ నోట్‌లో విలువైన వాక్యం "కాళ్లలోకి పాకడం లేదు" అన్నదే. ఉన్నదాన్ని చాలామంది రాస్తారు. లేదని అడిగి తెలుసుకుని రాస్తేనే కోడ్‌లోని "మాత్రమే" అన్న మాటకు సాక్ష్యం దొరుకుతుంది.

361 దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కాలు నొప్పి వేరు, నరం నొక్కుకుని వచ్చే రాడిక్యులోపతీ వేరు. డిస్క్ వల్ల రాడిక్యులోపతీ అని డాక్టర్ రాస్తే దారి ఎం51.16కు మళ్లుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు "కాలు లాగుతోందమ్మా" అనడానికీ, "తొడ నుంచి పాదం దాకా జివ్వున పాకి తిమ్మిరెక్కుతోంది" అనడానికీ తేడా ఉంది. పేషెంట్ నోట ఆ తేడా ఉంటుంది. నోట్‌లోకి వచ్చేసరికి రెండూ "లెగ్ పెయిన్" అయిపోతాయి.

పాతదానికి ఒక మేలు ఉండేదని ఒప్పుకోవాలి. నొప్పికి కారణం ఫలానా అని అది చెప్పించేది కాదు. నొప్పి డిస్క్ నుంచే వస్తోందా, కీళ్ల నుంచా, కండరాల నుంచా తేల్చడం వైద్యంలో కష్టమైన పని. అందుకే నిజాయితీ ఉన్న డాక్టర్ "బహుశా డిస్క్ వల్ల" అని రాస్తాడు. ఔట్‌పేషెంట్ నిబంధనల్లో "బహుశా", "అనుమానం" అన్న మాటల మీద రోగ నిర్ధారణ కోడ్ వేయకూడదు. కొత్త కోడ్ ఇక్కడే కటువుగా ఉంది. "బహుశా" ఉంది కాబట్టి 360 కుదరదు. నొప్పి మాట నోట్‌లో ఉంది కాబట్టి 369 అబద్ధమవుతుంది.

మిగిలింది డాక్టర్‌కు క్వెరీ పంపడం. నర్సు రాసుకున్న నొప్పి స్కోరు 7 అని కనిపిస్తున్నా దాన్ని పట్టుకుని మేమే తేల్చకూడదు. "డిస్క్ వల్లే అని రాయండి" అని ఆయన నోటికి మాట అందించకూడదు. నొప్పి ఎక్కడుంది, మీ నిర్ధారణ ఏమిటి అని మాత్రమే అడిగి, జవాబు వచ్చేదాకా ఆ చార్ట్‌ను పెండింగ్‌లో పెడతాం.