చేతిలోని యద్దము: ఒక గ్రంథ విమర్శనము

అమెరికా దేశమున న్యూయార్కు విశ్వవిద్యాలయమునందు ఆచార్యపదవియం దున్న జోనథన్ హైట్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 2024వ సంవత్సరమున ‘ది యాంక్షస్ జనరేషన్’ అను గ్రంథమును ప్రకటించెను. ‘కలవరపడు తరము’ అని ఆ పేరును తెలుగున చెప్పుకొనవచ్చును. ఇంగ్లీషు చదువు గల మన యిండ్లలో నీ పుస్తకము కొంతకాలముగా చేతులు మాఱుచున్నది. చదివినవారు కొందఱు, చదువకయే దాని సారమును ఇతరుల నోట విని తలయూచువారు పలువురు. ఈ రెండవ తెగవారిని దృష్టియం దుంచుకొనియే నేనీ విమర్శనమునకు పూనుకొంటిని. మంచి పుస్తకము సగము మాత్రమే వినబడినప్పుడు ఇంటిలో నెంత చెఱుపు జరుగునో మా కుటుంబమునందే చూచితిని.

గ్రంథకర్త వాదము సంగ్రహముగా నిది. 2010 మొదలు 2015 వఱకు గల యేండ్లలో బాల్యము ఆటస్థలమునుండి ఫోనులోనికి తరలిపోయినది. అంతకుముందును పిల్లల చేతులలో ఫోనులు లేకపోలేదు. కాని యవి మాటలాడుటకును, సందేశములు పంపుటకును మాత్రమే పనికి వచ్చెడివి. 2010లో ఆపిల్ కంపెనీవారు తమ ఐఫోను నాల్గవ రకమునకు ముందువైపునను కెమెరా నమర్చిరి. ఆ యేడే ఇన్‌స్టాగ్రాము పుట్టెను. 2012లో దానిని ఫేస్‌బుక్కువారు కొనిరి. తన ముఖమును తానే పటము తీసికొని, లోకమునకు చూపి, లోకము వేసిన మార్కులను కూర్చుండి లెక్కించుకొను నలవాటు ఆ కాలముననే పసిపిల్లల దినచర్యలోనికి ప్రవేశించెను. 2010 తరువాతి పదేండ్లలో అమెరికా బాలికలయందు తీవ్రమైన మనోవ్యాకులత రెండింతలకు మించి పెరిగినది. మొదటిది కారణము, రెండవది కార్యము అని హైట్ దృఢముగా నమ్మి, మనలను నమ్మించుటకు పటములతోను లెక్కలతోను ప్రయత్నించెను. నిద్ర చెడుట, స్నేహితుల సాంగత్యము తగ్గుట, మనస్సు ముక్కలగుట, వ్యసనమగుట అని నాలుగు హానులను పేర్కొనెను. వీనిని గూర్చి నేను విస్తరింపను. పదవ తరగతి పిల్లలు గల యే తల్లికిని అవి క్రొత్తవి కావు.

బాలికలను గూర్చిన యధ్యాయమే ఈ గ్రంథమునకు ప్రాణము. మగపిల్లల యధ్యాయమున ఫోను ఆటల మాట, అశ్లీల చిత్రముల మాట విరివిగా నున్నది గాని, కండలు పెంచు పిచ్చిని గూర్చిన మాట తక్కువ. బాలికల విషయమున మాత్రము రచయిత కన్ను సూక్ష్మముగా చూచినది. తోటివారి రూపముతో తన రూపమును పోల్చుకొను స్వభావము ఆ వయస్సున బాలికలయందు బలీయము. సోషల్ మీడియా ఆ పోలికనే ఆధారముగా జేసికొని నిర్మింపబడిన యంత్రము. ఇది సత్యము. పూర్వము పెండ్లికో తిరునాళ్లకో పోయినప్పుడు పది ముఖములను జూచి, ఇంటికి వచ్చి మఱచిపోయెడివారు. ఇప్పుడు పరుపు మీద పరుండి గడియలో రెండువందల ముఖములను జూచుచున్నారు. ఆ ముఖములును ఉన్నవి యున్నట్లు లేవు. ఫిల్టరు అను నుపకరణము కనుబొమలు, ముక్కు, పెదవులు, దవడ ఎచ్చట నున్నవో గుర్తుపట్టి, కన్నులను పెద్దవి జేసి, ముక్కును సన్నము జేసి, మొటిమలను తుడిచి, పలుమారులు చర్మమునకు తెలుపు పూసి, రెప్పపాటులో నొక క్రొత్త ముఖమును చూపును.

మన ప్రబంధకవులు స్త్రీరూపమును పాదాదికేశాంతము వర్ణించిరని, అంగాంగమును త్రాసులో వేసిరని సంస్కర్తలు నిందించిరి. ఆ నింద న్యాయమైనదే. అయినను వరూధిని సౌందర్యమును చదివి యే బాలికయు అన్నము మానలేదు. వరూధిని గంధర్వకాంత యని చదువరికి తెలియును. ఫిల్టరు వేసిన ముఖమో, ప్రక్క బల్లమీద కూర్చుండు సహాధ్యాయినిది. ఆమె ముఖము నిన్నటివఱకు తనవంటిదే. ఈ భేదమును గ్రంథకర్త ఈ మాటలతో చెప్పలేదు గాని, ఆయన చెప్పిన దానినుండి మనము గ్రహింపవచ్చును.

ఇక సాక్ష్యముల మాట. హైట్ వాదమును పండితులందఱును అంగీకరింపలేదు. కాలిఫోర్నియాలోని ఆచార్యురాలు కాండిస్ ఆడ్జర్స్ 2024లో ‘నేచర్’ పత్రికయందు ఈ గ్రంథమును విమర్శించుచు, సహచర్యము వేఱు, కారణత్వము వేఱు అని గుర్తుచేసెను. ముందే మనోవ్యథ గల పిల్లలు ఫోనును వేఱుగా వాడుచుండవచ్చును గదా యని ప్రశ్నించెను. అంతకుముందే, 2019లో, ఇరువురు పరిశోధకులు వేలకొలది పిల్లల లెక్కలను పరిశీలించి, పిల్లల క్షేమములో గల తేడాలలో నూటికి 0.4 వంతుకు మించి యంత్రముల వాడుకకు సంబంధింపదని తేల్చిరి. దీనికి హైట్ చెప్పు సమాధానము నాకు సమంజసముగనే తోచినది. మగపిల్లలను ఆడపిల్లలను, టెలివిజనును ఇన్‌స్టాగ్రామును ఒకే రాశిగా పోసి తూచినచో విషము పలుచబడి కనబడక పోవునని ఆయన వాదము. కాని సమంజసముగా తోచుట ఋజువు కాదు. ఆయన గొంతు కొన్ని తావుల సాక్ష్యమునకు మించి హెచ్చినదని నా యభిప్రాయము.

ఈ వివాదమున నెల్లరును ఉదాహరించు నొక లెక్క గలదు. 2021 సెప్టెంబరులో ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ పత్రిక, ఫేస్‌బుక్కు కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ బయటికి తెచ్చిన పత్రములను ఆధారము జేసికొని, ఆ కంపెనీవారి సొంత పరిశోధనలనే ప్రకటించెను. ఇన్‌స్టాగ్రాము ముగ్గురు బాలికలలో నొకతెకు దేహమును గూర్చిన బాధను పెంచుచున్నదని లోకము చెప్పుకొనెను. అసలు మాట అంతకంటె సూక్ష్మమైనది. తమ దేహమును గూర్చి బాధపడుచున్న బాలికలలో నూటికి 32 మంది, ఆ బాధను ఇన్‌స్టాగ్రాము ఇంకను పెంచినదని చెప్పిరి. కంపెనీవారు ఈ సూక్ష్మమును తమ రక్షణకై వాడుకొనిరి. నాకు మాత్ర మది రక్షణగా తోపదు. పుండుమీద కారము చల్లువాడు పుండు ముందే యున్నదని చెప్పినచో నెవరు విడిచిపెట్టుదురు? అయినను ఆ సూక్ష్మము మనలనొక ప్రశ్న యడుగుచున్నది. ఆ పుండు ముందుగా ఎవరు చేసినది?

హైట్ ఈ ప్రశ్నను తగినంతగా అడుగలేదు. ఆయన యెదుట నున్నది ప్రధానముగా అమెరికా గృహము. ఆయన 1993లో మన పొరుగున భువనేశ్వరములో కొన్ని నెలలు పరిశోధనకై యుండినవాడు; మన యిండ్ల తీరు కొంత చూచినవాడు. కాని యీ పుస్తకమున నేరస్థుడు దాదాపు కంపెనీవాడొక్కడే. తెలుగు గృహస్థుడు దీనిని చదువునప్పుడు మఱియొక నేరస్థునికి ముక్కాలిపీట వేయవలసి యున్నది.

మన యింటిలో ఆడశిశువు కన్ను తెఱచునప్పటికి ఆమె రంగు నలుగురు చెప్పుకొందురు. ‘చామనచాయ’ అనుట దయగలవారి మాట. అయిదేండ్లకు ‘బొద్దుగా ముద్దుగా’ అన్న నోటితోనే పదమూడేండ్లకు ‘అన్నము తగ్గించు’ అందుము. వచ్చిన బంధువు కుశలప్రశ్నకు ముందు ‘లావైతివే’ అనియో ‘చిక్కితివే’ అనియో పలుకరించును. అది ఆప్యాయత యని మన నమ్మకము. పెండ్లి ప్రకటనలలో చదువునకు ముందు ఛాయ నిలుచును. చర్మమును తెల్లపఱచునను ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో మన దేశమున పుట్టి, 2020 వఱకు ఆ పేరుతోనే అమ్ముడుపోయినది. తరువాత పేరు మాఱినది. ఆ నలువదియైదేండ్లలో ముప్పదియేండ్లకు పైగా ముందు కెమెరా గల ఫోను లేదు, ఇన్‌స్టాగ్రాము లేదు. ఆ గొట్టమును కొని కుమార్తె చేతిలో పెట్టినది తల్లియే.

గత యేడు మా బంధువుల యింట గృహప్రవేశమునకు పోయి యుంటిని. అందఱము ఫొటోకు నిలువగా పదునైదేండ్ల మా మేనకోడలు వెనుకకు జరిగి స్తంభము చాటున నిలిచినది. సాయంకాలము నేనడుగగా తన ఫోనులో రెండు పటములు చూపినది. ఒకటి దాని ముఖము. రెండవదియు దాని ముఖమే యని నాకు తెలియుటకు కొంతసేపు పట్టినది. “ఇందులో తెల్లగా ఉన్నాను కదా మామయ్యా. హైదరాబాదు అత్తయ్య ఫొటో అడిగితే ఇదే పంపమంది అమ్మ” అనినది. దాని మాటలో నిష్ఠూరము లేదు. వంటకములో ఉప్పు సరిపోయిన దన్నట్లు చెప్పినది. నేను బదులు చెప్పలేకపోతిని. ఆ యంత్రమును అమెరికాలో నెవరో చేసి యుందురు గాని, రెండు ముఖములలో నేది పంపదగినదో తేల్చినది మా యక్కయే.

అట్లయిన ఫోను నిర్దోషి యనియా? కాదు. నా వాదమునకు నేనే యొక యడ్డు చెప్పవలసి యున్నది. పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ ద్వీపములలో బొద్దైన దేహమే ఆరోగ్యమునకును ఆదరమునకును గుర్తు. బాగుగా తినుమని బలవంతపెట్టుట అక్కడి మర్యాద. అక్కడ నాడ్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. హార్వర్డు వైద్యురాలు యాన్ బెకర్ అది వచ్చిన క్రొత్తలోను, మరల 1998లోను బడిబాలికలను ప్రశ్నించెను. భోజన విషయమున రోగలక్షణముల హద్దు దాటినవారు మొదట నూటికి 12.7, మూడేండ్లకు 29.2. బరువు తగ్గుటకై తిన్నది కక్కుకొను నలవాటు మొదట నొక్కరికిని లేదు. తరువాత నూటికి 11 మందికి పైగా చెప్పిరి. ప్రశ్నింపబడినవారు ప్రతిసారియు అఱువదిచిల్లర మందియే. కాబట్టి దీనిమీద మేడలు కట్టరాదు. కాని ఇంటిలో నెవరును గాయపఱచకపోయినను, తెరమీది బొమ్మయే గాయపఱచగలదని ఇది సూచించుచున్నది. అది గదిలో నొక మూల నుండెడి టెలివిజను. దానికి లైకులు లేవు. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 2023లో వెలువరించిన హెచ్చరికయందు, 13 మొదలు 17 ఏండ్ల పిల్లలలో నూటికి 46 మంది సోషల్ మీడియావలన తమ దేహమును గూర్చి హీనభావము కలుగుచున్నదని చెప్పినట్లున్నది. కావున హైట్ ఫోనును అనుమానించుట తప్పు కాదు. మన యింటిలో ఆ రెండును కలిసి పనిచేయుచున్నవని మాత్రమే నా మాట.

ఇప్పుడు చికిత్స. గ్రంథకర్త నాలుగు నియమములు చెప్పెను. ఉన్నత పాఠశాలకు ముందు, అనగా సుమారు పదునాలుగేండ్లలోపు, స్మార్టుఫోను తగదు. పదునాఱేండ్లలోపు సోషల్ మీడియా తగదు. బడిలో ఫోను ఉండరాదు. పిల్లలకు పెద్దల కాపలా లేని ఆటలును, బయట తిరుగు స్వేచ్ఛయు, తమ పని తాము చేసికొను బాధ్యతయు పెంచవలెను. రెండవ నియమమును ఆస్ట్రేలియావారు 2024లో చట్టము జేసి, 2025 డిసెంబరు 10వ తేదీనుండి అమలులో పెట్టిరి. అక్కడ భారము కంపెనీలమీదనే యుంచబడినది. పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని శిక్ష లేదు.

మొదటి మూడు నియమములును నిషేధములు, నాలుగవది స్వేచ్ఛ. ఒకచేత తీసికొన్నదానికి మఱియొకచేత ఇచ్చుట యీ గ్రంథము యొక్క హృదయము. పిల్లలను బయట అతిగా కాపాడి, ఫోనులోపల అసలే కాపాడలేదని ఆయన పదేపదే చెప్పెను. మన యిండ్లలో ప్రచారమగుచున్నది మాత్రము మొదటి సగమే. అదియు ఆడపిల్లకే. ఆటస్థలము ఆమెకు ఎన్నడో మూయబడినది; మేడమీదికి పోయి నిలుచుటకును కారణము చెప్పవలెను. అట్టి బాలికకు స్నేహితురాలితో మనసు విప్పి మాటలాడుటకు మిగిలిన కిటికీ ఆ ఫోనే. కిటికీలోనుండి దుర్గంధము వచ్చుచున్నమాట నిజము. తలుపు తెఱువక కిటికీ మూసినచో లోపలివారి గతి యేమి? ఈ సంగతిని అమెరికా రచయిత యోచింపనవసరము లేకపోయినది. ఆయన చదువరికి వీథి యున్నది. ఆయన గ్రంథమును తెలుగు చేయువారెవరైన నున్నచో నాలుగవ నియమమును మొదట నచ్చువేయింపుడని కోరుచున్నాను.

మా యక్క ఈ పుస్తకమును గూర్చి యెవరో చెప్పగా విని, ఏ వయస్సువఱకు ఫోను కూడదని వ్రాసినారో చెప్పుమని అడిగెను. నాలుగవ భాగమున కొన్ని పుటలు మడిచి పుస్తకమునే పంపితిని. పదిదినములకు ఫోనులో మాటలాడుచు, అమ్మాయి ఫోను తీసి బీరువాలో పెట్టితినని సంతోషముతో చెప్పెను. కుమారునికి పదునాలుగు నిండలేదు. వాని ఫోను సంగతి యడిగితిని. “వాడికేముందిరా, మగపిల్లాడు” అనెను. మడిచిన పుటలు చదివితివా యనగా, తీరిక కాలేదనెను. మేనకోడలికి సైకిలు కొని పంపెదను, సాయంకాలములు బయటికి పోనిమ్మని చెప్పితిని. బావగారి నడిగి చెప్పెదననినది. నెల గడచినది.