‘ఖాళీ’ అను అంకె: ఒక విమర్శ

ఏ కొలత పరికరమునైనను పరీక్షించునపుడు రెండు ప్రశ్నలు వేయవలెను. అది చూపు అంకె సరియైనదా? ఆ అంకె అడిగిన ప్రశ్నకు జవాబేనా? మొదటి దానికి అవునని, రెండవ దానికి కాదని సమాధానము వచ్చు పరికరము మిక్కిలి ప్రమాదకరమైనది. ఏలయన దానిని ఎవరును అనుమానింపరు.

లైనక్స్ కంప్యూటర్లలో ‘ఫ్రీ’ అను ఆదేశము చాలకాలము ఇట్టి పరికరముగానే ఉండెను. జీతముల లెక్కలు, సరకు నిల్వలు, అమ్మకపు బిల్లులు నడిపించు సర్వరు మందగించినపుడు దానిని చూచుకొనువారు మొదట ఈ ఆదేశమునే ఇత్తురు. మెమరీ మొత్తమెంత, వాడినదెంత, ఖాళీ ఎంత అని అది ఒక చిన్న పట్టికను చూపును. ఖాళీ తక్కువగా కనబడినచో సర్వరు జబ్బుపడినదని నిర్ణయింతురు. ఈ నిర్ణయము ఎంతవరకు నిలుచును?

సర్వరును ఒక గ్రంథాలయముతో పోల్చవచ్చును. డిస్కు పుస్తకముల గది. మెమరీ పఠన మందిరములోని బల్ల. ఒకరు అడిగిన పుస్తకమును లోపలినుండి తెచ్చిన సేవకుడు, వారు లేచిపోయినను దానిని వెంటనే తిరిగి పెట్టడు. మరియొకరు దానినే అడుగవచ్చును. అప్పుడు లోపలికి నడువనక్కరలేదు. ఇట్లు బల్లమీద ఉంచిన పుస్తకములే ‘కాష్’. కొత్త పాఠకుడు చోటు అడిగినచో వానిని తొలగించుట క్షణములో పని. కాని పాఠకులు తాము వ్రాసికొనుచున్న కాగితములు వేరు. వాటికి లోపల మరియొక ప్రతి లేదు, తీసి పారవేయరాదు. ప్రోగ్రాములు తమ పనికై తీసికొన్న మెమరీ అట్టిది. కనుక బల్ల నిండియుండుట దోషము కాదు. ఏమియు లేని బల్లయే వృథాగా పడియున్న బల్ల.

64 గిగాబైట్ల మెమరీ గల ఒక సర్వరును ఉదాహరణముగా తీసికొనవచ్చును. అందు ఏమియు లేని చోటు 2 గిగాబైట్లు, కాష్ లెక్కలో 40, ప్రోగ్రాముల స్వంత వాడుక 22. పాత పట్టిక మొదటి వరుసలో ‘వాడినది 62, ఖాళీ 2’ అని చూపెడిది. దానిని చూచి కొత్త మెమరీ కొనుటకు పరుగెత్తినవారు కలరు. దాని క్రింది వరుస కాష్‌ను తీసివేసి ‘వాడినది 22, ఖాళీ 42’ అని చూపెడిది. తెలిసినవారు ఈ రెండవ వరుసనే నమ్మవలెనని బోధించెడివారు.

అయితే ఆ బోధనయందును లోపము కలదు. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు తన ప్రక్రియలన్నియు కలిసి వాడుకొనుటకు మెమరీలో ఒక ఉమ్మడి భాగమును ఉంచుకొనును. మొత్తములో నాలుగవ వంతు దానికి కేటాయించుట సాధారణముగా ఇచ్చు సలహా. పై సర్వరులో అది 16 గిగాబైట్లు. లైనక్స్ ఈ ఉమ్మడి భాగమును కాష్ పద్దులోనే వ్రాయును! అనగా పుస్తకముల లెక్కలో వ్రాతకాగితములు కూడ కలిసిపోయినవి. ఆ 40లో తొలగింపదగినవి 24 మాత్రమే. కొత్త పనికి నిజముగా దొరకునది 2, 24 కలిసి 26. కేంద్రకము తన అవసరమునకు ఉంచుకొను కొద్ది భాగమును తీసివేసినచో ఇంకను కొంచెము తక్కువ. ఒకే సర్వరు, ఒకే క్షణము. జవాబులు మాత్రము 2, 42, 26. మొదటి అంకె నిష్కారణముగా భయపెట్టును. రెండవది అంతకంటె చెడ్డది. అది లేని ధైర్యమునిచ్చును.

ఈ లోపమును గుర్తించి రిక్ వాన్ రీల్ చేసిన మార్పు 2014లో వెలువడిన లైనక్స్ 3.14 కేంద్రకములో చేరినది. డిస్కుపైకి మెమరీని తరలింపకుండ కొత్త ప్రోగ్రాములకు ఎంత ఇయ్యవచ్చునో కేంద్రకమే అంచనా కట్టి చెప్పుట అందలి విశేషము. ఆ సంవత్సరమే ‘ఫ్రీ’ పట్టికలో ‘లభ్యము’ అను నిలువు వరుస చేరినది. పాత రెండవ వరుస తొలగినది. ఇది నిజముగా మెచ్చదగిన సంస్కరణ. ‘ఏమియు లేని చోటెంత’ అను ప్రశ్న స్థానములో ‘ఇయ్యగల చోటెంత’ అను ప్రశ్న వచ్చినది.

కాని పట్టికకు దోషములు తీరలేదు. అన్నిటికంటె విలువైన అంకె చిట్టచివర కుడి అంచున ఉన్నది. తొందరలో ఉన్నవాని చూపు అంతవరకు పోదు. ‘వాడినది’ అను మాటకు కాలక్రమమున మూడు అర్థములు వచ్చినవి. మొదట మొత్తములోనుండి ఖాళీని తీసివేసిన శేషము. 2014 తరువాత కాష్‌ను కూడ తీసివేసిన శేషము. ఇంకను తరువాతి కూర్పులలో మొత్తములోనుండి లభ్యమును తీసివేసిన శేషము. పై సర్వరుకు అవి సుమారు 62, 22, 38. పాత సర్వరు గీతను కొత్తదాని ప్రక్కన పెట్టి పోల్చువాడు తెలియకయే మోసపోవును. శీర్షిక మార్చక అర్థమును మార్చుట శాస్త్రపద్ధతి కాదు.

మరియొక పరిమితి కలదు. ఏ ఒక్క క్షణపు అంకెయు రోగనిర్ణయము చేయజాలదు. ఒక ప్రోగ్రాము ప్రతి బిల్లు వివరమును జాబితాలో చేర్చి, పని తీరిన తరువాత తీసివేయుట మరచినదనుకొన్నచో, దాని వాడుక దినదినము పెరుగును. దీనినే మెమరీ లీకు అందురు. రోజునకు 1 గిగాబైటు చొప్పున పెరిగినచో 26 గిగాబైట్ల లభ్యము 26 దినములలో హరించును. అప్పుడు కేంద్రకము ఏదో ఒక ప్రక్రియను చంపి మెమరీని విడిపించుకొనును. ఎక్కువ మెమరీ వాడుదానినే అది సాధారణముగా ఎన్నుకొనును గనుక, తప్పుచేసిన ప్రోగ్రామునకు బదులు డేటాబేసు బలియగుట కలదు. జీతముల దినమున ఇది జరిగినచో నష్టమెవరిదో చెప్పనక్కరలేదు.

కావున రోజును ఒకే వేళ, పని ఒకే తీరుగా ఉన్నపుడు అంకెలు వ్రాసికొని గీత గీయవలెను. పెరిగి ఒకచోట నిలిచిన గీత కాష్ నిండినదని తెలుపును. నిలువక పెరుగు గీత లీకును అనుమానింపజేయును. అప్పుడు ఏ ప్రక్రియ పెరుగుచున్నదో వెదుకవలెను. ఇచ్చటను ఒక ఉచ్చు కలదు. ఉమ్మడి భాగము ప్రతి ప్రక్రియ లెక్కలోను కనబడును గనుక వాటిని కూడినచో మొత్తము మెమరీని మించిన సంఖ్య రావచ్చును. ఉమ్మడిని పాలివారికి సమముగా పంచి లెక్కించు కొలత 2008 నుండి లైనక్స్‌లో కలదు, కూడదగినది అది.

కాష్‌ను బలవంతముగా ఖాళీచేయుట, ప్రతి రాత్రి సర్వరును ఆపి తిరిగి నడుపుట చికిత్సలు కావు. మొదటిది పరీక్షలకు తప్ప తగదని కేంద్రకపు వివరణ పత్రమే హెచ్చరించుచున్నది. రెండవది లీకును దాచును, తీర్చదు. పైగా మరునాటి ఉదయము ప్రతి పుస్తకమును లోపలినుండి మరల తేవలసివచ్చును.

ఉపాధ్యాయులు 2, 42, 26 అను మూడు జవాబులను నల్లబల్లపై వ్రాసి, ఏది ఏ ప్రశ్నకు జవాబో విద్యార్థులచే చెప్పించవచ్చును. కూడికలు, తీసివేతలు తప్ప అందు వేరు గణితము లేదు. చిక్కంతయు ప్రశ్నలోనే ఉన్నది.